తిరువయ్యారు త్యాగరాజ ఆరాధనోత్సవము

తంజావూరునకు ఉత్తరముగా సుమారు 13 కిలోమీటర్ల దూరమున, కావేరీ తీరమున తిరువయ్యారు అను చిన్న పట్టణము కలదు. తమిళమున ‘ఐయారు’ అనగా అయిదు నదులు. కావేరియు, దాని శాఖలును ఆ ప్రాంతమును తడుపుచు ప్రవహించుట చేత ఆ పేరు వచ్చినది. సంస్కృతమున దీనినే పంచనద క్షేత్రమందురు. చుట్టును వరిపొలములు, కొబ్బరి చెట్లు. నడుమ పంచనదీశ్వరుని ప్రాచీనాలయము. ఏడాదిలో అధికభాగము ఈ యూరు డెల్టాలోని తక్కిన యూళ్లవలెనే నెమ్మదిగా నుండును. పుష్య బహుళ పంచమి సమీపించినంతనే దాని రూపు మారిపోవును. దేశము నలుమూలల నుండి సంగీత విద్వాంసులు, విద్యార్థులు, రసికులు వేలకొలదిగా అచ్చటికి చేరుదురు. ఒకప్పుడు దీపము పెట్టు దిక్కులేక పొదలలో మరుగుపడిన ఒక సమాధి చుట్టు నేడింత ఉత్సవము జరుగుచున్నది. ఇది ఎట్లు సాధ్యమైనది? ఎవరు నిలబెట్టిరి? ఈ చరిత్ర తెలుగు వారందరును తెలిసికొనదగినది; ఊరిలో ఒక భజన మందిరమునైనను నడుపుచున్న వారు మరింతగా తెలిసికొనదగినది.

కాకర్లవారి వంశము

త్యాగరాజస్వామి 1767వ సంవత్సరమున జన్మించెను. తండ్రి కాకర్ల రామబ్రహ్మము. వీరి పూర్వులు తెలుగుదేశములోని కాకర్ల గ్రామము నుండి దక్షిణమునకు వలస పోయినవారు. ఇట్లు వలసపోయిన తెలుగు కుటుంబములు ఆ కాలమున కావేరీ మండలమున పెక్కు గలవు. తంజావూరును పాలించిన నాయకరాజులు తెలుగును తమ ఆస్థాన భాషగా పోషించిరి. వారి తరువాత వచ్చిన మరాఠా ప్రభువులును ఆ సంప్రదాయమును విడువలేదు. అందువలన తమిళదేశపు నడిబొడ్డున తెలుగు పాట మూడు నాలుగు శతాబ్దములు వర్ధిల్లినది.

త్యాగరాజస్వామి శొంఠి వేంకటరమణయ్య గారి వద్ద సంగీతము నభ్యసించెను. రాజాశ్రయమును కోరక, ఉంఛవృత్తితో జీవించెను. ఉంఛవృత్తి యనగా తంబుర చేతబూని, రామనామ కీర్తనము చేయుచు వీథి వెంట నడచి, గృహస్థులు స్వచ్ఛందముగా నిచ్చిన గుప్పెడు బియ్యముతో ఆ పూట గడుపుకొనుట. ఆ బియ్యముతోనే శిష్యులకును అన్నము పెట్టుట ఆయన నియమముగా నుండెనని సంప్రదాయజ్ఞులు చెప్పుదురు. తిరువయ్యారులోని తిరుమంజన వీథిలో ఆయన నివసించెను. తుదిదినములలో సన్న్యాసము స్వీకరించి, 1847వ సంవత్సరము జనవరి 6వ తేదీన, పరాభవ నామ సంవత్సర పుష్య బహుళ పంచమినాడు సిద్ధిపొందెను. సన్న్యాసులకు చేయవలసిన విధముగా కావేరీ యొడ్డున సమాధి నిర్మించి, దానిపై తులసి నాటిరి.

మరుగున పడిన సమాధి

సమాధిని కనిపెట్టి యుండవలసిన సంతతి ఆయనకు నిలువలేదు. ఒక్కతే కుమార్తె. ఆమె కుమారుడు సంతానము లేకయే మరణించెను. శిష్యులు పలువురున్నను వారందరును తమ తమ యూళ్లకు వెడలిపోయిరి. వాలాజాపేటవారు వాలాజాపేటలోను, ఉమయాళ్పురమువారు ఉమయాళ్పురములోను, తిల్లైస్థానమువారు తిల్లైస్థానములోను గురువుగారి తిథిని ఇంటియొద్దనే జరుపుకొనుచుండిరి. కీర్తనలు మాత్రము శిష్య ప్రశిష్యుల నోట దేశమంతటను వ్యాపించినవి. త్యాగరాజుని శిష్యుడైన మానాంబుచావడి వేంకటసుబ్బయ్య గారి వద్ద అభ్యసించిన సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి గారు ఈ విద్యను కృష్ణాతీరమునకు గొనివచ్చిరి. వారి శిష్యులు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు; పంతులు గారి శిష్యులు మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు. ఇట్లు పాట ఊరూర వినబడుచుండగా, పాటగాని సమాధి మాత్రము నది యొడ్డున శిథిలమగుచుండెను.

1903వ సంవత్సరమున త్యాగరాజస్వామికి ప్రత్యక్ష శిష్యులైన ఉమయాళ్పురము కృష్ణ భాగవతర్, సుందర భాగవతర్ అను వృద్ధులు తిరువయ్యారునకు వచ్చిరి. సమాధి దుఃస్థితిని చూచి వారు మిక్కిలి చింతించిరి. అప్పటికి స్వామి సిద్ధిపొంది 56 సంవత్సరములు గడచినవి. ఆ స్థలమును గురుతించి చెప్పగలవారు అరుదగుచుండిరి. ఆ యిరువురును పూనుకొని సమాధిని బాగుచేయించి, ప్రతి సంవత్సరమును తిథినాడు అచ్చటనే ఆరాధన జరుగవలెనని నిశ్చయించిరి. ఇదియే నేటి ఉత్సవమునకు మొదలు. గురువును కన్నులార చూచినవారు జీవించియుండగనే ఈ పని జరుగుట మేలైనది. మరి పదేండ్లు ఆలసించినచో స్థలమే తెలియకుండ పోయెడిదేమో.

రెండు పక్షములు

ఉత్సవము కొలది కాలములోనే పెరిగినది. తిల్లైస్థానము నరసింహ భాగవతర్, ఆయన సోదరుడు పంజు భాగవతర్ దాని నిర్వహణ భారము వహించిరి. నరసింహ భాగవతర్ 1908లో త్యాగరాజ కీర్తనలను గ్రంథముగా ప్రకటించిన విద్వాంసుడు. అన్నదమ్ములిరువురును భక్తులే, సమర్థులే. అయినను నిర్వహణ విషయమున వారికి పొత్తు కుదరలేదు. ఉత్సవము రెండుగా చీలినది. అన్నగారి పక్షమునకు ‘పెరియ కట్చి’ యనియు, తమ్మునిగారి పక్షమునకు ‘చిన్న కట్చి’ యనియు పేర్లు వచ్చినవి. తమిళమున కట్చి యనగా పక్షము.

ఈ రెండు పక్షములును దినములను కూడ పంచుకొన్నవి. చిన్న పక్షమువారి ఉత్సవము పంచమికి కొన్ని దినములు ముందుగా ప్రారంభమై పంచమినాడు ముగియును. పెద్ద పక్షమువారిది పంచమినాడు ప్రారంభమై తరువాత కొన్ని దినములు జరుగును. ఎవరి చందాలు వారివి, ఎవరి పందిరి వారిది, ఎవరి అన్నదానము వారిది. విద్వాంసులును రెండుగా విడిపోయిరి. చిన్న పక్షమునకు తరువాతి కాలమున సుప్రసిద్ధ వాయులీన విద్వాంసుడు మలైక్కోట్టై గోవిందస్వామి పిళ్లై నాయకుడయ్యెను. సంగీతమునకు లోపము లేకుండెను. నాటి మహావిద్వాంసులనేకులు ఈ పందిళ్లలో పాడినవారే. లోపించినది ఐకమత్యము.

మరియొక లోపమును ఉండెను. ఈ రెండు పక్షములు అన్ని విషయములలోను భేదించినను ఒక్క విషయమున మాత్రము ఏకీభవించినవి. స్త్రీలు సమాధి యెదుట పాడరాదనుటయే ఆ విషయము. ఆ కాలమున సభలలో పాడు స్త్రీలు ఎక్కువగా దేవదాసీ కుటుంబములకు చెందినవారు. తరతరములుగా సంగీతమును, నాట్యమును కాపాడినది ఆ కుటుంబములే. అయినను సంఘము వారి విద్యను ఆదరించుచునే వారిని దూరముగా నుంచెను. త్యాగరాజ కీర్తనలను కచేరీలలో వారు పాడగా ఆనందించినవారే, త్యాగరాజ సమాధి వద్ద వారిని పాడనీయలేదు.

నాగరత్నమ్మ పూనిక

ఇట్టి స్థితిలో ఈ చరిత్రలో ప్రవేశించిన వ్యక్తి బెంగళూరు నాగరత్నమ్మ. ఆమె 1878లో మైసూరు రాజ్యములోని నంజనగూడున దేవదాసీ కుటుంబమున జన్మించెను. సంస్కృతము, కన్నడము, తెలుగు, సంగీతము, నాట్యము నేర్చెను. తరువాత చెన్నపట్టణము చేరి గాయనిగా పేరును, ధనమును సంపాదించెను. తెలుగు సాహిత్యమునకును ఆమె చేసిన సేవ కలదు. తంజావూరు ఆస్థానమునకు చెందిన ముద్దుపళని రచించిన ‘రాధికా సాంత్వనము’ను పరిష్కరించి 1910లో ఆమె ముద్రింపించెను. అది అశ్లీలమని ఆక్షేపణలు రాగా నాటి ప్రభుత్వము నిషేధించినది. ఆ నిషేధము 1947లో గాని తొలగలేదు. స్త్రీ రచించినది, స్త్రీ ప్రకటించినది అగుటచేతనే ఒక గ్రంథమునకు ఇట్టి గతి పట్టుటను ఆమె అంగీకరింపలేదు.

త్యాగరాజస్వామి సమాధి మరల దుఃస్థితిలో నున్నదని ఆమె గురువు, మైసూరు ఆస్థాన విద్వాంసుడైన బిడారం కృష్ణప్ప గారు 1921లో ఆమెకు లేఖ వ్రాసిరి. ఉత్సవములు ఏటేట రెండు పందిళ్లలో జరుగుచున్నను, ఉత్సవము ముగిసిన పిమ్మట తక్కిన దినములలో సమాధిని చూచువారు లేకుండిరన్నమాట. నాగరత్నమ్మ వెంటనే తిరువయ్యారునకు వచ్చెను. సమాధి చుట్టునున్న స్థలమును సంపాదించెను. తన నగలును, ఆస్తియు వెచ్చించి ఆలయ నిర్మాణమునకు పూనుకొనెను. 1921 అక్టోబరులో శంకుస్థాపన జరిగినది. 1925 జనవరిలో ప్రతిష్ఠ జరిగినది. నిత్యపూజకు ఏర్పాటు చేసెను. స్వామిని నూటయెనిమిది నామములతో అర్చించుటకు సంస్కృతమున నామావళిని తానే కూర్చెను. ఒక గాయని తన జీవితకాలపు ఆర్జనతో నిర్మించిన ఆలయము నేడు మనము చూచుచున్నది.

కట్టినవారికి పాడు హక్కు లేదు

ఆలయము లేచినది, పూజ నిలిచినది. కాని ఆరాధన దినములలో ఆ యాలయము నిర్మించిన స్త్రీకే ఆ యాలయము నెదుట పాడుటకు వీలు లేకపోయెను. ఉభయ పక్షములవారును తమ నియమమును సడలింపలేదు.

నాగరత్నమ్మ కోపముతో ఆలయ ద్వారము మూయలేదు. పరాభవమునకు వెనుదిరిగి పోవనూ లేదు. 1927 నాటికి ఆమె స్త్రీ గాయకులను చేర్చుకొని, సమాధి వెనుక భాగమున ప్రత్యేకముగా సంగీతారాధన ప్రారంభించెను. లోకులు దీనిని ‘పెణ్గళ్ కట్చి’ యనిరి. అనగా స్త్రీల పక్షము. ఇట్లు ఒక సమాధికి మూడు ఉత్సవములు ఏర్పడినవి. ముందు వైపున పురుషుల పక్షములు రెండు, వెనుక వైపున స్త్రీల పక్షము. అనేక గాయనీమణులు ఆమె ఆహ్వానము మీద వచ్చి పాడిరి. వినవచ్చిన జనమునకు ముందు వైపు, వెనుక వైపు అను భేదము లేకుండెను. మంచి పాట ఎచ్చట వినవచ్చిన అచ్చట కూర్చుండిరి. ఈ విధముగా పదిసంవత్సరములకు పైగా గడచినది. స్త్రీలు పాడినంతమాత్రమున ఆరాధనకు ఎట్టి లోటును రాలేదని అందరికిని ప్రత్యక్షముగా తెలియవచ్చినది.

ఒకే గొంతు

1940-41 ప్రాంతమున మూడు పక్షములను కలుపు ప్రయత్నము ఫలించినది. ఐ.సి.ఎస్. ఉద్యోగియు, సంగీతాభిమానియునైన ఎస్. వై. కృష్ణస్వామి గారు, విద్వాంసుడు ముసిరి సుబ్రహ్మణ్య అయ్యరు గారు మొదలగువారు ఇందుకు పాటుపడిరి. శ్రీ త్యాగబ్రహ్మ మహోత్సవ సభ అను ఒకే సంస్థ ఏర్పడినది. స్త్రీలు పాడుటకు అడ్డు తొలగినది. నాగరత్నమ్మ పట్టుదల నెరవేరినది.

కలిసిన పక్షములు కలిసియే యుండవలె ననిన నిబంధనలు మాత్రమే చాలవు. కలిసి చేయవలసిన పని యొకటి ఉండవలెను. విడివిడి కచేరీలు మాత్రమే జరిగినచో ఎవరు ముందు, ఎవరు వెనుక, ఎవరికెంత సేపు అను తగవులు మరల తలయెత్తును. అందరును కలిసి ఒక్కసారిగా పాడునప్పుడు ఈ ప్రశ్నలకు తావే లేదు. అట్టి గోష్ఠిగానమునకు త్యాగరాజస్వామి వారి ఘనరాగ పంచరత్న కీర్తనలు నిర్ణయింపబడినవి. నాట రాగమున ‘జగదానందకారక’, గౌళలో ‘దుడుకు గల’, ఆరభిలో ‘సాధించెనే’, వరాళిలో ‘కన కన రుచిరా’, శ్రీరాగమున ‘ఎందరో మహానుభావులు’ అనునవి ఆ అయిదు. మొదటిది సంస్కృతము, తక్కిన నాలుగును తెలుగు.

ఈ ఎంపిక ఎంత యుక్తమైనదో కొంచెము విచారింపవలెను. ఈ అయిదును ఆదితాళమున నుండుటచే తాళము మార్చు చిక్కు లేదు. చరణములలో ముందు స్వరము, ఆ స్వరమునకే సరిపోవు సాహిత్యము స్వామివారే కూర్చిరి. అందువలన గాయకుడు తన ఊహతో స్వరకల్పన చేయవలసిన యవసరము రాదు. ఎంతటి విద్వాంసుడైనను, నిన్న మొన్న నేర్చిన విద్యార్థియైనను ఒకే దారిని నడువవలసినదే. గురుపరంపర లనేకములగుటచే పాఠములలో స్వల్ప భేదములు కలవు. గోష్ఠిలో కూర్చుండినవారు తమ భేదమును ప్రక్కన పెట్టి పదుగురి పాఠమునకు ఒదుగుదురు. స్త్రీల గొంతునకును పురుషుల గొంతునకును శ్రుతి వేరు. ఒకే శ్రుతికి కూడవలసినప్పుడు ఇరువురును కొంత సర్దుకొందురు. కలిసి పాడుట యనిన అర్థము ఇదియే.

తమిళుల నోట తెలుగు పాట

ఈ గోష్ఠిలో పాడువారిలో పెక్కుమందికి ఇంటి భాష తెలుగు కాదు. తమిళులు, కన్నడిగులు, మలయాళీలు ఈ తెలుగు కీర్తనలను చిన్ననాటి నుండి కంఠస్థము చేసినవారు. తమిళ లిపిలో క, గ లకును, త, ద లకును వేరు వేరు అక్షరములు లేవు. అందుచే తమిళమున అచ్చగు సంగీత గ్రంథములలో అక్షరము ప్రక్కన చిన్న అంకెలు వేసి ఉచ్చారణ భేదమును గుర్తింతురు. ఒక పొరుగు భాష మాటలను సరిగా పలుకుటకై వారు పడిన శ్రమ ఇంత. తెలుగు మాతృభాషగా గల మనము ఈ కీర్తనలను అర్థముతో నేర్చికొనుట అంత కష్టము కాదు. ఆ సదవకాశమును మనము ఎంతవరకు వినియోగించుకొనుచున్నామో మనమే ప్రశ్నించుకొనవలెను.

నేటి ఉత్సవ క్రమము

ఉత్సవము సాధారణముగా అయిదు దినములు జరుగును. పంచమినాటి ఉదయము తిరుమంజన వీథిలోని త్యాగరాజస్వామి గృహము నుండి ఉంఛవృత్తి భజనతో ఊరేగింపు బయలుదేరి సమాధికి చేరును. అచ్చట అభిషేకము, పూజ జరుగుచుండగా, ఎదుటి పందిరిలో స్త్రీ పురుష గాయకులు వరుసలు తీరి నేలమీద కూర్చుందురు. పేరుమోసిన విద్వాంసులును, చేత పుస్తకము పట్టుకొన్న బాలబాలికలును ఆ వరుసలలో కలిసియే యుందురు. మొదట వేణువు మీద భైరవి రాగమున ‘చేతులార శృంగారము’ అను కీర్తన వినిపింతురు. తరువాత పంచరత్న గోష్ఠి ప్రారంభమగును. ఆకాశవాణి, దూరదర్శన్ దీనిని ప్రసారము చేయుటచే తిరువయ్యారు పోలేని వారును ఇంటియొద్దనే విని ఆనందింపగలుగుచున్నారు.

తక్కిన సమయమున విద్వాంసులు ఒకరి తరువాత ఒకరు వచ్చి కొలది నిమిషములు మాత్రము పాడి పోవుదురు. దీనికి పారితోషికము లేదు. ఇతర సభలలో పెద్ద మొత్తములు స్వీకరించువారును ఇచ్చట ఉచితముగా పాడుటను గౌరవముగా నెంచుదురు. ఉత్సవము ఆంజనేయోత్సవముతో ముగియును.

తిరువయ్యారు ఆరాధన చూచి ఇతర ప్రదేశములవారును దానిని అనుసరించిరి. తెలుగు నాట అనేక పట్టణములలో పుష్య బహుళ పంచమినాడు పంచరత్న గోష్ఠి జరుగుచున్నది. అమెరికాలోని క్లీవ్‌లాండు నగరమున 1978లో ప్రారంభమైన త్యాగరాజ ఉత్సవము నేటికిని జరుగుచున్నది.

వ్రాసియుంచిన మాట

నాగరత్నమ్మ తన చివరి సంవత్సరములు తిరువయ్యారులోనే గడపెను. 1949లో ఆమె వీలునామా వ్రాసి తన ఆస్తిని సమాధి పూజకై ధర్మసంస్థకు అప్పగించెను. స్త్రీలు, అందునను దేవదాసీలు, సమాధి వద్ద ఆరాధించుటకును, పాడుటకును గల హక్కునకు ఎన్నడును భంగము కలుగరాదని అందులో నియమము చేసెను. తాను బ్రదికియున్నంతవరకు ఆ హక్కును తానే కాపాడగలదు. తన తరువాత కాపాడవలసినది వ్రాతయే యని ఆమె ఎరుగును. 1952 మే 19న ఆమె స్వర్గస్థురాలయ్యెను. త్యాగరాజస్వామి సమాధికి అభిముఖముగా ఆమె సమాధియు కలదు.

మన గ్రామములలోను రామకోవెలలు, భజన మందిరములు కలవు. శ్రీరామనవమికి, ధనుర్మాసమునకు పందిళ్లు వేయుచున్నాము. కొన్ని యూళ్లలో ఒకే గుడికి రెండు పందిళ్లు, ఒకే పండుగకు రెండు చందాల పుస్తకములు ఉండుటయు మనమెరిగినదే. వెనుక కూర్చుండవలసినవారు ఎవరు, ముందుకు రాదగినవారు ఎవరు అను లెక్కలును ఇంకను కొన్ని చోట్ల మిగిలియున్నవి. తిరువయ్యారులోను ఇవన్నియు నుండెను. పెద్దలు పట్టుదలలు విడిచి, ఒక సంఘముగా ఏర్పడి, అందరును కలిసి పాడదగిన అయిదు పాటలను నిర్ణయించుకొనిన పిమ్మటనే అది నిజమైన ఊరి ఉత్సవమై, దేశపు ఉత్సవమైనది. ఊరి పండుగ సంఘమువారు ఈ సంవత్సరము సమావేశమైనప్పుడు రెండు ప్రశ్నలు వేసికొనుట మంచిది. మన ఊరివారందరును కలిసి పాడగల పాట ఏది? మన పందిరిలో నేటికిని పాడనీయబడనివారు ఎవరు? మొదటి ప్రశ్నకు ఉత్తరము వెదకుట సులభము. రెండవదానికి ఉత్తరము చెప్పి, సరిదిద్దుకొని, ఆ నిర్ణయమును సంఘపు పుస్తకములో వ్రాసి యుంచవలెను.